సంతకము, జీతము: లొరెట్టా ఫోర్డు స్మారకోపన్యాసము



2025 జనవరి 22 వ తేదీన, నూట నాలుగేండ్ల పండు వయస్సున, నర్సింగున నూతన వృత్తికి బాట వేసిన లొరెట్టా ఫోర్డు అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున తనువు చాలించిరి. ఆమె స్మృత్యర్థము జరుగుచున్న ఈ సభలో నేను జీతములనుగూర్చి ప్రసంగింతునని తెలిసినప్పుడు, మిత్రులొకరు, పుణ్యాత్మురాలిని తలచుకొను వేళ రూపాయల లెక్కలు శోభించునా యని సందేహించిరి. ఈ సందేహము కొత్తది కాదు. మే 12 వ తేదీ, నర్సుల దినము, వచ్చినదనిన మన ఆసుపత్రులలో ఫ్లారెన్సు నైటింగేలు పటమునకు పూలదండ వేసి, కొవ్వొత్తులు వెలిగించి, నర్సమ్మలను దేవతలని కొనియాడి, మరునాటి నైట్ డ్యూటీ పట్టికలో ఇద్దరి పనిని ఒకరికే వేయుట ఆచారమై పోయినది. ఎవరిని దేవత యనుచున్నారో వారి జీతపు పత్రమును ఒకమారు చూడవలెనని నేను అనుభవముచేత నేర్చుకొంటిని. ఆ నైటింగేలు సంగతియే చూడుడు. 1853 లో లండను నగరమున హార్లీ వీథిలోని చికిత్సాలయమునకు ఆమె జీతము లేకుండ పర్యవేక్షకురాలయ్యెను, నిజమే. కాని ఏటేట ఐదువందల పౌనులు ఆమెకు తండ్రి పంపుచుండెను. తండ్రి పంపని ఆడపిల్ల ఆ యుద్యోగమును ఎట్లు చేయగలదను ప్రశ్న మన సన్మాన పత్రములలో ఎన్నడును కానరాదు.

ఫోర్డు జీవితమును సంగ్రహముగా చెప్పెదను. 1920 లో న్యూయార్కు నగరమున జన్మించి, రెండవ ప్రపంచ సంగ్రామకాలమున సైనిక విమానదళమందు నర్సుగా పనిచేసి, పిమ్మట కొలరాడో రాష్ట్రమున ప్రజారోగ్య నర్సుగా పల్లెలు తిరిగిన ఆమె, డాక్టరన్నవాడు అడుగుపెట్టని తావులలో పసిబిడ్డల ఎదుగుదలను చూచువారెవరను చింతతో, 1965 లో కొలరాడో విశ్వవిద్యాలయమున శిశువైద్యుడు హెన్రీ సిల్వరుతో కూడి, నర్స్ ప్రాక్టీషనరు అను నూతన వృత్తికి తొలి శిక్షణాక్రమమును నెలకొల్పిరి. బిడ్డను శిరస్సునుండి పాదముల వరకు పరీక్షించుట, ఎదుగుదలను కొలుచుట, టీకాలు వేయుట, సామాన్య రుగ్మతలకు చికిత్స చేయుట, తన చేతిలో లేనిదానిని గుర్తించి డాక్టరు నొద్దకు పంపుట, ఇవి ఆ శిక్షణలోని విషయములు. డాక్టరు పనిలో ఒక తునకను కోసి తెచ్చుకొంటినని ఆమె యెన్నడును భావింపలేదు; ప్రజారోగ్య నర్సులు చిరకాలముగా చేయుచునేయున్న పనికి శాస్త్రీయమైన రూపము నిచ్చితినని ఆమె యభిప్రాయము. విచిత్రమేమనగా, వైద్యులకంటె ముందు తోటి నర్సింగు ఆచార్యులే ఆమె నెదిరించి, నర్సింగును వైద్యులకు అప్పగించుచున్నదని నిందించిరి. ఇంటివారి మాటకు బయటివారి మాటకంటె పదునెక్కువ. 1972 లో రోచెస్టరు విశ్వవిద్యాలయపు నర్సింగు కళాశాలకు తొలి డీనై, బోధించువారు రోగి మంచమునకు దూరము కారాదను నియమముతో ఆ కళాశాలను ఆసుపత్రితో ఏకము చేసిరి.

ఆమె శిక్షణాక్రమము పుట్టిన 1965 లోనే, జులై మాసమున, వృద్ధులకు వైద్యవ్యయమును ప్రభుత్వము భరించు మెడికేర్ చట్టము కూడ అమెరికాలో పుట్టినది. ఆ చట్టము డాక్టరుకు బిల్లు పంపు హక్కును వ్రాసినది. నర్స్ ప్రాక్టీషనరును ఎరుగదు. ఈ రెండింటికిని పరిచయము కలుగుటకు దాదాపు మూడు దశాబ్దములు పట్టినది. నేడు నేను చెప్పబోవునదంతయు ఆ మూడు దశాబ్దముల ఎడమునుండియే పుట్టుచున్నది.

అమెరికా కార్మిక గణాంక శాఖవారి 2024 మే లెక్కల ప్రకారము సాధారణ రిజిస్టర్డు నర్సు మధ్యస్థ వార్షిక వేతనము 93,600 డాలర్లు; అనగా సగముమందికి అంతకు మించియు, సగముమందికి అంతకు లోబడియు వచ్చునని. స్నాతకోత్తర పట్టాను పొంది, వేరుగ పరీక్ష యిచ్చి, లైసెన్సు పొందిన అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సులలో నర్స్ ప్రాక్టీషనరుకు 129,210. ప్రసవములు చేయు నర్స్ మిడ్‌వైఫుకు 128,790. మత్తు నిచ్చు నర్స్ అనస్థటిస్టుకు 223,210 డాలర్లు. ముగ్గురును నర్సులే, ముగ్గురును పట్టభద్రులై, ఆ మీద స్నాతకోత్తర విద్య చదివినవారే. మత్తు నర్సు మాత్రము తక్కిన యిద్దరికంటె డెబ్బది శాతమునకు పైగా ఎక్కువ పొందుటకు కారణమేమి? చదువు కొంత దీర్ఘమనియు, దానిలో ప్రవేశమునకు ముందే ఐసీయూలో పనిచేసియుండవలెననియు, ప్రాణాపాయము ఎదుటనే యుండుననియు చెప్పుదురు. అవి అసత్యములు కావు. ఐనను ప్రసవశయ్యయొద్ద ఒకేమారు రెండు ప్రాణములు మిడ్‌వైఫు చేతిలో నున్నవి. అపాయమే జీతమునకు కొలమానమైనచో ఆమె స్థానము ఇట్లుండదు. ఇతర కారణమును వెదకవలెను, దానికై కొంత వెనుకకు పోవలెను.

పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకములలో, ఈథరు క్లోరోఫాములు శస్త్రచికిత్సకు దారి తెరచినవి గాని, మత్తు నిచ్చు పనియందు వైద్యులకు మనసు లేకుండెను. ఆ పనికి ప్రతిఫలము స్వల్పము. కీర్తి యంతయు శస్త్రవైద్యునిది. మత్తు నిచ్చుటకు నియోగింపబడిన కుర్రవైద్యుడు రోగి ముఖమును చూచుటకు మారుగా కత్తి నడచు చోటనే చూపు నిలుపుచుండెను. ఊపిరిపైననే దృష్టి నిలుపగల మనిషి కావలెనని శస్త్రవైద్యులు నర్సులను పిలిచిరి. మిన్నెసోటా రాష్ట్రమున శస్త్రవైద్యులగు మేయో సోదరుల యొద్ద పనిచేసిన ఆలిస్ మగా అను నర్సు, అచ్చట ఇచ్చిన పదునాలుగువేలకు పైబడిన మత్తుల వృత్తాంతమును 1906 లో వైద్యపత్రికయందు ప్రకటించినది; వానిలో మత్తువలన సంభవించిన మరణము ఒక్కటియు లేదు. పని ఇంత బాగుగ సాగి, దానికి గౌరవమును ధనమును కలుగ నారంభించిన తరువాతనే అది వైద్యవృత్తిలోనిదా కాదా యను వివాదము తల యెత్తినది. 1917 లో కెంటకీ న్యాయస్థానమును, 1936 లో డాగ్మార్ నెల్సను అను నర్సుపై వచ్చిన వ్యాజ్యములో కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానమును నర్సుల పక్షముననే తీర్పు చెప్పినవి. ఆ తీర్పులకు ఆధారమైన తర్కమును గమనింపుడు: నర్సు శస్త్రవైద్యుని ఆజ్ఞకు లోబడి మత్తు నిచ్చుచున్నది గనుక ఆమె చేయునది వైద్యము కాదని. పని దక్కినది, పనికి తానే కర్త యనిపించుకొను హక్కు దక్కలేదు. ఒకే వాక్యమున వరమును శాపమును రెండును ఇమిడిపోయినవి.

ఆ శాపము 1983 లో ఫలించినది. ఆ సంవత్సరము మెడికేర్ శాఖ, ఆసుపత్రులకు రోగమును బట్టి ముందే నిర్ణయించిన మొత్తమును చెల్లించు పద్ధతిని తెచ్చినది. రోగి ఎన్ని దినములున్నను, ఎన్ని సూదులు వేసినను వచ్చునది అదే మొత్తము. ఈ లెక్కలో మత్తు నర్సు జీతము ఆసుపత్రి మొత్తమునుండి తరిగిపోవును. అదే మత్తును డాక్టరిచ్చినచో ఆయన తన బిల్లును వేరుగ పంపుకొనును, ఆసుపత్రికి కాసు ఖర్చు లేదు. నర్సు చవుక యని యుంచుకొన్న యజమానికి, హఠాత్తుగా, డాక్టరే చవుక యయ్యెను. ఆమె నైపుణ్యమున ఏ మార్పును లేదు, రోగులు తగ్గలేదు, పట్టా మాసిపోలేదు. లెక్క వ్రాయు విధము మారినది, అంతే. తాత్కాలికముగా కొన్ని మినహాయింపులు సాధించిన మీదట మత్తు నర్సుల వృత్తి సంఘము ప్రతినిధి సభల గడపలు తొక్కి తొక్కి, 1986 నాటి చట్టమున తమ పేరిట బిల్లు పంపు హక్కును వ్రాయించుకొన్నది. 1989 నుండి అది యమలులోనికి వచ్చినది. నర్సులలో మెడికేర్ నుండి నేరుగ ప్రతిఫలము పొందు హక్కు నార్జించిన తొలి శాఖ వారిదే. ఆ పిదప ఏ ఆసుపత్రి లెక్కల పుస్తకమునందైనను మత్తు నర్సు పద్దు రెండు వైపులను కనబడసాగెను: ఇంత ఖర్చు, ఇంత రాబడి. తాను తెచ్చు రాబడి ఎంతయో తెలిసిన ఉద్యోగినితో బేరమాడు యజమాని, ఎంత తక్కువకు ఒప్పుకొనును అను ప్రశ్నతో మొదలుపెట్టజాలడు.

నర్స్ ప్రాక్టీషనరు కథ వేరు. 1977 లో గ్రామీణ చికిత్సాలయముల చట్టము ద్వారా ఒక కిటికీ తెరచినారు. ఆ తరువాత ఇంకొకటి రెండు కిటికీలు. తలుపు మాత్రము 1997 నాటి బడ్జెటు చట్టముతో గాని తెరువబడలేదు. ఆ చట్టము ఆమెకు దేశమంతట తన పేరిట బిల్లు పంపు హక్కు నిచ్చుచు, అదే పనికి డాక్టరుకిచ్చు రుసుములో 85 శాతము మాత్రమే చెల్లింతుమన్నది. తక్కిన 15 శాతము ఏమైనది? దానికొక దొడ్డిదారి గలదు. రోగిని తొలుత డాక్టరు చూచి, చికిత్సా విధానమును నిర్ణయించి, పిదప నర్స్ ప్రాక్టీషనరు చూచునప్పుడు తానును ఆ కార్యాలయముననే యున్నచో, ఆ పనిని డాక్టరు పనికి అనుబంధముగ భావించి డాక్టరు పేరిట బిల్లు పంపవచ్చును. అప్పుడు నూటికి నూరును వచ్చును. కనుక యజమానికి లాభము ఎక్కడ నున్నదో చెప్పనక్కరలేదు. చూచినది ఆమె, మందు వ్రాసినది ఆమె, రోగి ఇంటికి పోయి చెప్పుకొన్నది ఆమె మాటయే. పుస్తకములలో మాత్రము ఆ పూట ఆమె యక్కడ లేదు. సంవత్సరాంతమున జీతము పెంచుమని అడుగబోయినప్పుడు, నీవు తెచ్చిన రాబడి ఇంతేగదా యని ఆ పుస్తకములనే తిరుగవేసి చూపుదురు. ఉపకారము చేసినవాని పేరు దాచుట మన దేశమున పూర్వము గుప్తదానమనిపించుకొనెడిది. దాత యిష్టము లేకుండ దాచుటకు వేరే పేరుండవలెను.

దీనికి తోడు, ఇప్పటికి సగమునకు పైగా రాష్ట్రములు నర్స్ ప్రాక్టీషనరుకు స్వతంత్రాధికార మిచ్చినను, తక్కిన చోట్ల ఆమె ఒక డాక్టరుతో ఒడంబడిక వ్రాసికొనవలెను. సొంతముగ చికిత్సాలయము నడుపు ఆమె అట్టి డాక్టరుకు నెలనెల కొంత సొమ్ము చెల్లించుట కలదు. ఆ డాక్టరు రోగి ముఖమును చూడకయే యుండవచ్చును. పన్నులు పలువిధములు.

నా వాదమునకు అడ్డువచ్చు నొక యుదాహరణమును దాచుట న్యాయము కాదు. మిడ్‌వైఫులకు మెడికేర్ వారు చిరకాలము డాక్టరు రుసుములో 65 శాతమే చెల్లించిరి. 2011 జనవరినుండి నూరు శాతము చేసిరి. బిల్లు హక్కే సర్వస్వమైనచో ఆ మరుసటేడే వారి జీతము మత్తు నర్సుల జీతమును అందుకొనవలసినది, అట్లు జరుగలేదు. ఏలయనగా మెడికేర్ ముఖ్యముగా అరువదియైదేండ్లు నిండినవారికి. ఆ వయస్సున కాన్పులుండవు. పేద తల్లుల కాన్పులకు రాష్ట్రములు నడుపు మెడికెయిడ్ చెల్లించును, దాని ధరలు స్వల్పములు. అంతకు మించిన సంగతి యొకటి కలదు: శస్త్రచికిత్సాగృహము ఆసుపత్రికి కామధేనువు, మత్తు లేనిదే అది పాలివ్వదు; కాని గంటల తరబడి ఓపికగ కూర్చుండి, కత్తి పెట్టకుండ కాన్పు చేయించిన మిడ్‌వైఫు ఆసుపత్రికి రాబడిని తెచ్చుటకు మారుగ పెద్ద బిల్లొకటి తప్పించినది. తప్పించిన ఖర్చునకు ప్రతిఫలమిచ్చు పద్దు ఏ దేశపు లెక్కలలోను సరిగ లేదు. కనుక బిల్లుపై తన సంతకము జీతమునకు మూలమే గాని, ఆ సంతకము దేనిపై పడునో దాని వెలయును చూడవలెను.

ఇక పట్టాల మాట. 2004 లో అమెరికా నర్సింగు కళాశాలల సంఘము, అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సులందరును 2015 నాటికి డాక్టరేటు స్థాయికి రావలెనని తీర్మానించెను. నిర్ణీత కాలమునకు అది నెరవేరలేదు. మత్తు నర్సులు మాత్రము దానిని నిబంధనగ చేసికొని, 2022 నుండి చేరువారందరును డాక్టరేటు క్రమములోనే చేరునట్లు ఏర్పాటు చేసిరి. విద్యకు నేను విరోధిని కాను. కాని మాస్టరు పట్టా గల నర్స్ ప్రాక్టీషనరును, డాక్టరేటు గల నర్స్ ప్రాక్టీషనరును ఒకే రోగిని ఒకే విధముగ చూచినప్పుడు మెడికేర్ చెల్లించునది అదే 85 శాతము. అదనపు చదువుకు చేసిన అప్పు మాత్రము ఆమెది. ఇంకను హాస్యాస్పదమైన సంగతి, ఈ నర్సులను తయారుచేయు ఆచార్యులు అంతకంటె పెద్ద చదువు చదివియు, పలుమారులు తమ శిష్యురాండ్రకంటె తక్కువ జీతము పొందుచున్నారు. బోధనకు బిల్లు లేదు గనుక.

బ్రిటనులో ఈ బిల్లుల గొడవ లేదు. అచ్చటి జాతీయారోగ్య సేవలో 2004 నుండి ప్రతి యుద్యోగమును జ్ఞానము, బాధ్యత, శ్రమ మొదలగు పదునారు అంశములతో తూచి శ్రేణిని నిర్ణయించు పద్ధతి యున్నది. అడ్వాన్స్‌డ్ నర్సు సామాన్యముగ 8-ఎ శ్రేణిలో చేరును. 2006 నుండి తగిన శిక్షణ పొందిన నర్సులు దాదాపు అన్ని మందులును స్వయముగ వ్రాయవచ్చును. జీతములు అమెరికాతో పోల్చదగినవి కావు. ఐనను పట్టా వేరైన మనిషి పనియు వేరే యని, పని వేరైనచో శ్రేణి వేరే యని అంగీకరించిన మేరకు అది న్యాయమార్గమే.

మన సంగతికి వత్తము. ఢిల్లీలోని రాజకుమారి అమృతకౌర్ నర్సింగు కళాశాలలో మాస్టరు పట్టా 1959 లోనే ఆరంభమైనది. ఫోర్డు శిక్షణకంటె ఆరేండ్లు ముందు. కాలమునకు మనము వెనుకబడలేదు. కాని మన ఎం.ఎస్సీ. నర్సింగు పట్టా, రోగి మంచమునుండి తరగతి గదికి పోవు ద్వారముగ మారినది. కారణము దాచదగినది కాదు: వార్డులో ఉండిపోయినచో ఆ పట్టాకు విలువ లేదు. కేంద్రప్రభుత్వాసుపత్రిలో నర్సింగ్ ఆఫీసరుగ చేరిన యువతికి, డిప్లొమాతో చేరినను, ఎం.ఎస్సీ. తో చేరినను, ఏడవ వేతన సంఘము ప్రకారము 7 వ స్థాయి, మూలవేతనము 44,900 రూపాయలే. కొలువులో చేరిన పిదప ఏడాదికి మించిన స్నాతకోత్తర పట్టా పొందినవారికి 2019 నాటి ఉత్తర్వు ననుసరించి ఒకేమారు 25,000 రూపాయల ప్రోత్సాహకము దొరకవచ్చును. రెండేండ్ల చదువునకు, దాని పిమ్మట పాతికేండ్ల సేవకు, ఒకేమారు!

భారత నర్సింగు మండలి 2016-17 ప్రాంతమున క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనరు పేరిట రెండేండ్ల రెసిడెన్సీ క్రమమును ప్రవేశపెట్టినది. పాఠ్యక్రమము చక్కనిది. ఆ పట్టాతో బయటికి వచ్చిన అమ్మాయి ఐసీయూలో ఏమి చేయవలెను? మందుల నిబంధనల ప్రకారము చీటీపై రిజిస్టర్డు డాక్టరు సంతకముండవలెను. ఆమె గుర్తించును, నిర్ణయించును, రాత్రి రెండు గంటలకు డాక్టరును లేపి చెప్పును. సంతకము తెల్లవారి పడును. నియామక నిబంధనలలో ఆమె పేరిట పోస్టు లేదు గనుక, ఆమెను స్టాఫ్ నర్సుగానే తీసికొందురు. తెలంగాణ ప్రభుత్వము 2017 లో ఫెర్నాండెజ్ సంస్థ శిక్షణతో నర్సులను మిడ్‌వైఫులుగ తీర్చిదిద్దు పనికి దేశమున ముందుగ పూనుకొన్నది, ప్రశంసనీయము. ఆంధ్రప్రదేశమున గ్రామ చికిత్సాలయములలో బి.ఎస్సీ. నర్సులు మిడ్‌లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగ రోగులను చూచుచున్నారు. వారికి నెలకు 25,000 రూపాయలును, పనితీరును బట్టి 15,000 వరకు ప్రోత్సాహకమును అని కేంద్ర మార్గదర్శకములలో నున్నది. ఊరివారు వారిని డాక్టరమ్మ యనుట నేను విన్నాను. పనిలో ఫోర్డు కలగన్నది మన పల్లెలలో జరుగుచునేయున్నది. పద్దులలో జరుగుట లేదు.

ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల దుస్థితిపై వచ్చిన వ్యాజ్యములో 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశింపగా ఏర్పడిన నిపుణుల సంఘము, రెండువందల పడకలకు మించిన ఆసుపత్రిలో జీతము ప్రభుత్వపు నర్సు జీతముతో సమముగ నుండవలెననియు, ఏబది పడకలకు లోపైనను 20,000 రూపాయలకు తగ్గరాదనియు సిఫారసు చేసెను. కొలమానము పడకల సంఖ్య. నర్సు చదువు కాదు. పట్టా నడుగుటకు ముందు కనీస వేతనమునకే పోరాడవలసిన దేశమున అది సహజమే ననుకొందము. కాని ఒక విషయము చెప్పక మానలేను. మన ప్రైవేటు ఆసుపత్రి బిల్లు చేతికి వచ్చినప్పుడు చదివిచూడుడు: గది అద్దెకు క్రిందుగ, దినమునకింత యని, నర్సింగ్ ఛార్జీలని ఒక పద్దు ఉండును. అమెరికాలో నర్సులు దశాబ్దములు పోరాడి తెచ్చుకొన్న పద్దు మనకు అడుగకయే యున్నది! దానిని ఎవరు పొందుచున్నారో వేరే మాట. ఆ మంచమును చూచినది డిప్లొమా నర్సైనను, ఎం.ఎస్సీ. చదివిన క్రిటికల్ కేర్ ప్రాక్టీషనరైనను ఆ ధర మారదు. మారవలెనని ఏ బీమా సంస్థయు, ఏ ఆరోగ్యశ్రీ ప్యాకేజీయు అడుగలేదు.

కాబట్టి నాకు తోచు క్రమమిది. జీతము పెంచుడని అడుగుటకు ముందు, నియామక నిబంధనలలో ప్రత్యేకమైన పోస్టు నడుగవలెను. పోస్టు లేని పట్టాకు వేతనశ్రేణి వ్రాయుటకు ఆర్థికశాఖవారికి చోటే యుండదు. పిదప, నిర్ణీతమైన కొన్ని మందులపైనైనను సంతకము. 2019 నాటి జాతీయ వైద్య కమిషను చట్టము ప్రాథమికారోగ్య రంగమున పరిమితమైన లైసెన్సుతో మందులు వ్రాయు అవకాశమును 32 వ విభాగమున కల్పించియున్నది గనుక, ఇది వినరాని కోరిక కాదు. వైద్య సంఘములు ఎదిరించును, కాలిఫోర్నియాలోను ఎదిరించినవి. మూడవది ప్యాకేజీలలో వేరు పద్దు. ఈ మూడింటిలో మొదటిదానికి శాసనసభతో పని లేదు, ఒక్క జీవో చాలును. ఆ జీవోకు ముసాయిదా వ్రాయవలసినవారు సచివాలయపు గుమాస్తాలు కారు. వెంటిలేటరు నమర్చిన నర్సుకును, సెలైను మార్చిన నర్సుకును భేదము వారికి తెలియదు. ఆ భేదము తెలిసినవారు ఈ సభలో ముందు వరుసలో కూర్చుండియున్నారు. వారిలో ఏ నలుగురైనను పూనుకొన్నచో, వేతనశ్రేణుల లెక్కలు చూచి పెట్టుటకు నేను సిద్ధముగ నున్నాను.